నీళ్లు తిరగని మూల

మా కోరుట్ల ఇంటి హాల్లో ఉప్పునీళ్ల ట్యాంకు ఒకటి ఉంది. రెండు వందల లీటర్లు. అందులో గొడుగు ఆకారపు మెత్తని పగడం పది రోజులుగా ముడుచుకుని ఉంది. పైన మైనం లాంటి పొర కమ్మింది.

"ఆదివారం దాక సూస్త. అది తెరుసుకోకుంటే గీ డబ్బా తీసెయ్. గీడ కూలర్ పెట్టాలె" అంది అమ్మ.

పగడం ముడుచుకోవడానికి కారణాలు నాలుగే: ఉప్పు, వేడి, వెలుతురు, నీటి కదలిక. మొదటి మూడూ కొలిచాను, సరిగ్గానే ఉన్నాయి. నాలుగోది కొలవలేదు, లెక్కవేశాను. రెండు పంపులు కలిసి గంటకు ఆరువేల లీటర్లు తోస్తాయి, అంటే ట్యాంకు నీళ్లు ముప్పై సార్లు తిరుగుతాయి. అది చాలు. పైగా ధార నేరుగా తగలకుండా పగడం ముందు ఒక రాయి కూడా పెట్టాను.

మంగళవారం జగిత్యాలలో ఆఫీసు ముగించుకుని వచ్చేసరికి అక్కాబావలు కొండగట్టు దర్శనం చేసుకుని వచ్చి ఉన్నారు. బావకు సిరిసిల్లలో పవర్‌లూమ్ షెడ్డు ఉంది, మగ్గాన్ని సాంచ అంటాడు. సోఫాలో కూర్చుని ట్యాంకును చూస్తున్నాడు.

"ఏం బామ్మర్ది, గిది సచ్చిందా, అలిగిందా?"

లెక్క రాసిన కాగితం చూపించాను. పూర్తిగా చదివాడు.

"లెక్క మంచిగనే ఉన్నది. మా షెడ్డుల గూడ ఎనిమిది ఫ్యాన్లున్నయి. అయినా నాలుగో సాంచ కింద దూది కుప్ప పడుతది. ఎందుకు? గాడ గాలి ఆడదు. ఫ్యాన్లు లెక్కపెట్టుడు గాదు, దూది ఏడ ఆగిందో సూడాలె."

చేపల మేత చిటికెడు తీసి నీళ్లలో వేశాడు. అది రెండు చుట్లు తిరిగి, రాయి వెనక్కి వెళ్లి, పగడం పక్కన దిగి, అక్కడే ఉండిపోయింది.

"అగో, నీ నాలుగో సాంచ."

రాయి తీసేశాను. ఒక పంపును ముందు అద్దం వైపు తిప్పాను. నీళ్లు అద్దాన్ని కొట్టి, విరిగి, పగడం మీదికి మెల్లగా వస్తాయి. రెండు పంపులూ వంతులవారీగా నడిచేలా టైమర్ పెట్టాను. మళ్లీ మేత వేశాను. ఎక్కడా ఆగలేదు.

శుక్రవారం పొర పాల మీగడలా లేచి కొట్టుకుపోయింది. ఆదివారం పొద్దున అమ్మ చాయ్ గ్లాసుతో వచ్చి నిలబడేసరికి గొడుగు నిండా సన్నని వెంట్రుకల్లాంటి వేళ్లు బయటికి వచ్చి ఊగుతున్నాయి.

"ఏమైండె దీనికి?"

"పొర కమ్మింది. నీళ్లు తాకితేనే పోతది."

"అంటే గిన్ని దినాలు తానం చేయించకుంట కూసోవెట్టినవా?"

ట్యాంకు ఉండిపోయింది. కూలర్ మాత్రం ఆగలేదు. అమ్మ సోఫాను లోపలి గదిలోకి జరిపించి దాని జాగాలో కూలర్ పెట్టించింది.

తరువాత బావ వచ్చినప్పుడు ప్లాస్టిక్ కుర్చీ వేశాం.

"నీ పువ్వు బతికింది, నా జాగ పోయింది" అన్నాడు.

కాసేపు కూర్చున్నాడు. చొక్కా కాలరు మీది దూది పోగు ఒకటి తీసి కూలర్ ముందు వదిలాడు. అది ఎటు పోయిందో చూసి, కుర్చీని రెండడుగులు ఎడమకు జరుపుకున్నాడు.