రెండో అంతస్తుకి ఉలవచారు

కిందటేడు జూన్ రెండో సోమవారం, ఉదయం తొమ్మిది ఇరవైకి, మా కోడలు గుమ్మం దగ్గర నిలబడి చెప్పులు వేసుకుంది. పెళ్ళయి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళూ ఉద్యోగం చేస్తూనే ఉంది. ఉద్యోగానికని చెప్పులు వేసుకోవడం మాత్రం నేను చూసింది అదే మొదటిసారి.

గుణదలలో మాది రెండు పడకగదుల ఫ్లాటు. ఒక గది నాది, ఇంకోటి వాళ్ళిద్దరిది. మా అబ్బాయి కూడా ఇంటినుంచే పని చేస్తాడు. పెళ్ళికి ముందే తన గదిలో బల్ల వేసుకున్నాడు కాబట్టి గది, తలుపు, ఏసీ వాడివయ్యాయి. కోడలికి హాల్లో భోజనాల బల్ల మిగిలింది. ఎవరు అన్నానికి కూర్చున్నా ఆమె కంప్యూటరు ఎత్తి సోఫాలో పెట్టుకోవాలి.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. అలవాటు పోదు. ఒకరోజు పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా చూశాను. ఆమె తొమ్మిదిసార్లు లేచింది. గ్యాసు బండకి, కొరియరుకి, కరివేపాకు కోసం వచ్చిన ఎదురింటావిడకి, పొయ్యి మీద పాలకి, ఇలా. అందులో రెండుసార్లు నేను పిలిస్తేనే. వాడు ఒక్కసారి లేచాడు, మంచినీళ్ళు తాగడానికి.

అలాంటి సమయంలో వాళ్ళ కంపెనీ మంగళగిరి దగ్గర, హైవే పక్కన కొత్తగా కట్టిన ఎనిమిదంతస్తుల భవనంలో రెండో అంతస్తు అద్దెకు తీసుకుంది. రమ్మని బలవంతం లేదు. ఇష్టమైనవాళ్ళు వచ్చి కూర్చోవచ్చు.

"రోజూ రెండు బస్సులు మారి వెళ్తావా? ఇంట్లో ఏసీ పెట్టుకుని, అమ్మ చేతి కాఫీ వదులుకుని?" అన్నాడు మా అబ్బాయి.

"ఏసీ హాల్లో లేదుగా," అంది కోడలు.

వాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మొదటి రోజు సాయంత్రం ఆరున్నరకి తిరిగొచ్చింది. వారధి మీద ట్రాఫిక్‌లో నిలబడి వచ్చిన మనిషి, అలసిపోయి ఉంటుందనుకున్నాను. కాళ్ళు కడుక్కుని వచ్చి వంటింట్లో నా పక్కన కూర్చుంది.

"నా కుర్చీ పక్కనే కిటికీ అత్తయ్యా. కొండంతా కనపడుతుంది. పొద్దున్నుంచి ఒక్కళ్ళు కూడా ఈవేళ కూరేంటని అడగలేదు."

ఆగస్టు చివర్లో కంపెనీ కబురు పంపింది. డిసెంబరు దాకా చూస్తారట. రోజుకు పన్నెండు మందయినా వాడుకోకపోతే ఆ అంతస్తు ఖాళీ చేసేస్తారట. అంటే మా కోడలు మళ్ళీ భోజనాల బల్లకి.

"ఇప్పుడు ఎంతమంది వస్తున్నారు?" అని అడిగాను.

"నేను, చల్లపల్లి అమ్మాయి, మేనేజరు గారు. ఆయనింట్లో రంగులు వేయిస్తున్నారు, అందుకని వస్తున్నారు."

"మిగతావాళ్ళకేం?"

"ఎందుకొస్తారండీ? ఆ చుట్టుపక్కల టీ బడ్డీ కూడా లేదు. ఎనిమిదంతస్తుల్లో ఏడు ఖాళీ. చల్లారిన అన్నం తినడానికి తెనాలి నుంచి, గుడివాడ నుంచి ఎవరు పడొస్తారు?"

ఆ రాత్రి నేను ఉలవలు నానబోశాను.

ఉలవచారు తొందరపడితే కుదరదు. ఉడికించిన నీళ్ళు చింతపండు రసంతో కలిసి చిక్కబడేదాకా సన్నటి సెగ మీద మరగాలి. బుధవారం పెద్ద స్టీలు డబ్బాలో పోసి, మీగడ వేరే గిన్నెలో పెట్టి, ఆటో మాట్లాడి పంపాను. ముందురోజే కోడలు వాళ్ళ గ్రూపులో ఫొటో పెట్టింది. ఆ బుధవారం పదిహేడు మంది వచ్చారు. గురువారం నలుగురు.

"ఇకనుంచి ఏ రోజు చేస్తానో ఎవరికీ చెప్పవద్దు," అన్నాను. పదో తరగతికి సంభావ్యత చెప్పినదాన్ని. ఏ రోజో తెలియకపోతే రోజూ రావలసిందే.

వారం తిరక్కుండానే కోడలు ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "అందరూ నన్ను బతిమాలుతున్నారత్తయ్యా. రేపుందా అక్కా, ఒక్క ముక్క చెప్పు అక్కా అని."

"చెప్పావా ఏంటి?"

"నాకు మాత్రం తెలుసా! మీరు నాకైనా చెబితేగా!"

ఉలవచారు లేని రోజుల్లో వాళ్ళే వంతులు వేసుకున్నారు. ఒకరు గోంగూర పప్పు, ఒకరు మజ్జిగ పులుసు. చల్లపల్లి అమ్మాయి వాళ్ళది చేపల వ్యాపారం. ఆమె ఒకరోజు చేపల పులుసు తెచ్చిందట. నేను తినను గానీ, మూత తీయగానే అంతస్తంతా కుర్చీల్లోంచి లేచిందని విని, వాళ్ళమ్మ గట్టి మనిషే అనుకున్నాను. అక్టోబరు దాటేసరికి రోజుకు పద్నాలుగు మందికి తగ్గలేదు.

నవంబరులో ఒక శుక్రవారం గిన్నెలతో నేనే వెళ్ళాను. నున్నటి అద్దాల భవనం, ముందు ఇంకా ఎండని సిమెంటు వాసన. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. "రెండో అంతస్తేగా అమ్మా? వేరేది లేదు లెండి," అని తనే లిఫ్టు మీట నొక్కాడు.

కోడలు నాకు వీపు పెట్టి కిటికీ వైపు కూర్చుని ఉంది. ఇంటినుంచి పట్టుకెళ్ళిన పాత దిండు కుర్చీలో. ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. "కాదు, అది మీ తప్పే, ముందు సరిచేసి అప్పుడు రండి," అనే అర్థం వచ్చేటట్టు. గొంతు ఎత్తలేదు, తగ్గించనూ లేదు. నాలుగేళ్ళలో మా ఇంట్లో ఆ గొంతు నేను వినలేదు. పిలవకుండా తలుపు దగ్గరే నిలబడ్డాను.

పన్నెండు నుంచి లిఫ్టు నిండుగా రావడం మొదలైంది. "బామ్మగారొచ్చారు, ఈరోజు ఖాయం!" అని ఒకబ్బాయి అరిచాడు. పదహారు మంది తిన్నారు. డబ్బా అడుగు కనపడింది. నాకు సంతోషమేసింది. రెండూ పదికి చూస్తే హాల్లో నలుగురు మిగిలారు. అది కూడా చూశాను. చూసి ఊరుకున్నాను.

డిసెంబరు పదిహేను దాటాక ఒక సాయంత్రం కోడలు చెప్పులు విడవకుండానే గుమ్మంలో కూర్చుంది.

"ఖాళీ చేసేస్తున్నారత్తయ్యా."

"పద్నాలుగు మంది వస్తున్నారు కదే!"

"వస్తున్నారు. తలుపు దగ్గర కార్డు చూపించే మిషను వెళ్ళేటప్పుడు కూడా రాసుకుంటుందిగా. తిని రెండింటికి వెళ్ళిపోయేవాళ్ళు లెక్కలోకి రారట. రోజంతా కూర్చునేవాళ్ళు కావాలట. ఆ లెక్కన నలుగురం."

"మేనేజరు గారు ఏమన్నారు?"

"ఇన్నాళ్ళూ నడిపింది ఆఫీసా, మెస్సా అని నవ్వారు. వాళ్ళింట్లో రంగులు అయిపోయాయి లెండి."

ప్రశ్న సరిగ్గా చదవకుండా లెక్క చేసిన పిల్లలకి నేను మార్కులు వేసేదాన్ని కాదు. తలలు లెక్కపెట్టాను, గంటలు లెక్కపెట్టలేదు. ఆమె ఏడవలేదు. నా మోకాలి మీద చెయ్యి వేసి, "మీరు బాగానే చేశారు," అంది. అది నాకు ఇంకా కష్టమనిపించింది.

నెలాఖరున దిండు, కాఫీ కప్పు, మనీప్లాంటు సంచిలో వేసుకుని వచ్చింది. మర్నాడు కంప్యూటరు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టబోతుంటే ఆపాను. లోపలికి వెళ్ళి మా అబ్బాయితో, "నీ సరంజామా హాల్లోకి తెచ్చుకో," అన్నాను.

"నాకు మీటింగులుంటాయమ్మా!"

"తనకీ ఉంటాయి."

"హాల్లో ఎలా చేస్తాననుకున్నావు?"

"తను నాలుగేళ్ళు చేసింది. అడుగు, చెబుతుంది."

గొణుక్కుంటూనే మార్చుకున్నాడు. ఆ సోమవారం పొద్దున పదింటికి గ్యాసు బండ వచ్చింది. పావుగంటకి కొరియరు. తర్వాత ఎదురింటావిడ తలుపు తోసుకుని వచ్చి, వాణ్ణి చూసి, "అమ్మాయి లేదా బాబూ, పచ్చిమిరపకాయలు నాలుగు కావాలి," అంది. వాడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి లేచాడు. పదకొండున్నరకి, "ఈ ఇంట్లో ఎవరైనా పని చేసుకోనిస్తారా?" అని నన్ను అడిగాడు. మూసిన తలుపు వెనకనుంచి ఆమె గొంతు వినిపిస్తోంది. మంగళగిరిలో విన్నంత గట్టిగా కాదు గానీ, దానికి దగ్గరగా.

గది దక్కింది. అయినా పోయినవి ఇవి. రోజుకు రానూపోనూ నాలుగు బస్సులు. కొండ కనపడే కిటికీ ఒకటి. ఇక్కడ తన గది కిటికీకి ఎదురుగా పక్క అపార్టుమెంటు గోడే. చల్లపల్లి అమ్మాయితో మధ్యాహ్నాలు. ఆమె ఇప్పుడు వాళ్ళ మేడ మీద గదిలో పని చేసుకుంటోంది, ఆదివారాలు ఫోను చేస్తుంది. రెండో అంతస్తులో లైట్లు. ఉలవచారు డబ్బా మూత ఒకటి, అక్కడే ఉండిపోయింది.