పెసరట్టు తిని కొన్న లాప్‌టాప్

ఊరేగింపు మధ్యలో పాట ఆగిపోతే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో డీజే బండి మీద నిలబడ్డవాడికే తెలుస్తుంది. కింద జనం చేతులు పైకెత్తి ఉంటారు. పాట ఆగినా ఆ చేతులు వెంటనే దిగవు. కాసేపు గాల్లోనే ఉండిపోతాయి. తర్వాత అందరూ ఒక్కసారే తలెత్తి మనవైపు చూస్తారు. అప్పటిదాకా లేని కప్పల అరుపులు కాలవలోంచి వినిపిస్తాయి.

నాకది ఒకసారి జరిగింది. మా కోనసీమలో పెళ్లి ఊరేగింపు వెళుతుంటే దారిలో ఇళ్లవాళ్లు ఊరికే చూస్తూ కూర్చోరు. బండి మీద మనిషి చెమటలు కక్కుతున్నాడంటే వాళ్ల ప్రాణం ఒప్పదు. ఒకాయన కొబ్బరిబొండం కొట్టించి పైకి అందించారు. వద్దంటే నొచ్చుకుంటారు. ఒక చేత్తో పాటలు కలిపే కంట్రోలర్ మీద చక్రం తిప్పుతూ రెండో చేత్తో అందుకున్నాను. సగం నేను తాగాను. సగం లాప్‌టాప్ తాగింది.

ఆ తర్వాత పెళ్లికొడుకు మేనమామ గారు బండెక్కి నాతో కాసేపు చర్చించారు. చర్చలో ఎక్కువగా పాల్గొన్నది నా చొక్కా కాలరు. ఆడపెళ్లివారే కావాలని పాట ఆపించారని ఆయన అనుమానం. అలా అన్నందుకు ఆడపెళ్లివారు కూడా బండెక్కారు. ఒక పక్క కాలవ, ఒక పక్క వరిచేను, మధ్యలో నేను. నాకు ఈత రాదు.

మర్నాడు బండికీ, స్పీకర్లకీ సొంతదారైన సౌండ్ సిస్టం ఆయన నన్ను పిలిపించారు. గోదారి మనిషి కదా, కేకలు వెయ్యలేదు. కాఫీ తెప్పించారు.

"మీరంటే నాకు గౌరవమేనండి. డిగ్రీ చదివేరు. ఇంకోపాలి పాట ఆగిందనుకోండి, నేనేం అనను. మిమ్మల్ని గట్టు మీద దింపేసి, బండి తోలుకుని ఎల్లిపోతానండి."

"ఆయ్," అన్నాను.

"జనంలో దింపేత్తానండి," అన్నారు, నాకు సరిగ్గా అర్థమైందో లేదోనని.

తర్వాత కబురొచ్చింది. ఆ మేనమామ గారి సొంత కూతురికే పెళ్లి. కొత్తపేట దగ్గర ఊరు, మళ్లీ కాలవగట్టే. 'అబ్బాయి పాటలు బానే కలుపుతాడు, ఆగకుండా చూసుకుంటే చాలు' అని నన్నే కావాలన్నారట. పైగా సన్నాయి పాట ఒకటి ఇచ్చి, దానికి డప్పు దరువు కలిపి కొత్తగా చేసి పెట్టమన్నారు. ఇది క్షమించడమో, దగ్గరకు రప్పించుకోవడమో నాకు తేలలేదు. చేతిలో లాప్‌టాప్ మాత్రం లేదు.

అమలాపురంలో పాతవి అమ్మే కొట్లన్నీ తిరిగాను. నాకు తెలిసిందేమంటే, లోకంలో పాత లాప్‌టాప్‌లన్నీ ఒకే డాక్టరు గారి అమ్మాయివి. ఆవిడ ప్రతిదాన్నీ కొని, రెండు మెయిళ్లు చూసుకుని, తుడిచి బీరువాలో పెట్టింది. ఒకదాని మూత తెరిస్తే తెర మీద ఏదో హైదరాబాదు కంపెనీ సొత్తని కనిపించింది. "ఇంటర్నెట్‌కి మాత్రం పెట్టకండి. ఆళ్లు అక్కణ్ణించే తాళం వేసేత్తారు," అన్నాడు కొట్టతను, అదొక సదుపాయమన్నట్టు. ఊరేగింపు మధ్యలో హైదరాబాదు నుంచి ఎవరో మీట నొక్కడం, చేతులెత్తిన జనం నావైపు చూడటం కళ్ల ముందు కదిలింది. దణ్ణం పెట్టి వచ్చేశాను.

పాటలు కలిపేవాడికి అందమైన తెర అక్కర్లేదు. మెమరీ పుష్కలంగా ఉండాలి. లోపల తిరిగే పాతరకం డిస్కు ఉండకూడదు, స్పీకర్ల అదురుకి అది తట్టుకోదు. కంట్రోలర్ తీగ పెట్టే చోటు వదులు కాకూడదు. అన్నిటికంటే ముఖ్యం, వేడెక్కి ఆగిపోకూడదు. అది తెలుసుకోవడానికి ఒకటే దారి. కంట్రోలర్ తగిలించి, నాలుగు పాటలు ఒకేసారి తిప్పుతూ, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అరగంట కదలకుండా కూర్చోవాలి. చెవిలో టప్పుమన్నా లేచి వచ్చేయాలి.

రాజోలు వైపు ఒకాయన దగ్గర మంచిది ఉందని తెలిసింది. ఆయనా ఒకప్పుడు డీజేయే. ఇప్పుడు మానేసి, ఇంటి పక్కనే కొబ్బరిపీచు యంత్రం పెట్టుకున్నారు. తోడు రమ్మని మా మావయ్యని అడిగాను. ఆయనది కొబ్బరికాయల వ్యాపారం. లాప్‌టాప్ గురించి ఏమీ తెలియదు, బేరం గురించి అన్నీ తెలుసు. ఆ రోజు లారీ లోడింగ్ ఉండి రాలేకపోయారు. మర్నాడే పెళ్లి కాబట్టి నేను ఆగలేకపోయాను. ఫోనులో ఒక్క మాట చెప్పారు.

"అల్లుడూ, బేరం తెగేదాకా ఆళ్లింట్లో మంచినీళ్లు కూడా ముట్టకు. తోటలోకెళ్లి బొండం తాగేవా, కాయలో వంక పెట్టలేవు. మా వ్యాపారంలో మొదటి పాఠం అదేరా."

కంట్రోలర్ సంచీలో పెట్టుకుని బస్సెక్కాను. ఆ ఇంటి అరుగు మీదకి వెళ్లేసరికి ఆయన, వాళ్ల అమ్మగారు ఎదురొచ్చారు. మంచినీళ్లన్నారు. వద్దన్నాను. మజ్జిగన్నారు. వద్దన్నాను. వాళ్ల అమ్మగారి మొహం చిన్నబోయింది. "మా ఇంట్లో తాగరా బాబూ?" అన్నారావిడ. మా ప్రాంతంలో ఈ ప్రశ్నకి జవాబు లేదు. కాసేపటికి నేను పీట మీద కూర్చున్నాను, ముందు అరిటాకు, ఆకులో ఉప్మా పెసరట్టు, అల్లం పచ్చడి. సంచీ పక్కనే గోడకి ఆనించి ఉంది.

"ఎందుకు మానేసేరండీ డీజే?" అని అడుగుదామనుకున్నాను. నోట్లో అట్టుంది. మింగేలోగా రెండోది పడింది.

ఆయన లాప్‌టాప్ తెచ్చి, మూత తెరిచి చూపించారు. వెలిగింది. ఒక పాట పెట్టారు, మోగింది. ఇక నేను సంచీ విప్పి, కంట్రోలర్ తగిలించి, ఆవిడ చేతి అట్టు అరక్కముందే వాళ్ల సరుకుని అరగంట అనుమానించాలి. చెయ్యి సంచీ దాకా వెళ్లింది. "ఇంకోటి వెయ్యమంటారా బాబూ?" అన్నారావిడ. చెయ్యి వెనక్కొచ్చింది.

ఆయన కూడా ఏదో చెప్పబోయి రెండుసార్లు ఆగారు. గమనించాను. అడగలేదు.

బస్సులో ఉండగా మావయ్య ఫోను చేశారు.

"ఏరా, ఏమీ పుచ్చుకోలేదు కదా?"

"పెసరట్టు, మావయ్యా."

లారీలో కాయలు పడుతున్న చప్పుడు వినిపించింది.

"ఉప్మాతోనా?"

"ఆయ్."

"అయితే కొనేసేవన్నమాట," అని ఫోను పెట్టేశారు.

సాయంత్రం మా ఇంటికొచ్చి, లాప్‌టాప్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, వేలి కణుపుతో కొట్టి చూశారు. "కాయ కురిడీ అయ్యిందిరా, లోపల ఎండి ఆడుతోంది," అన్నారు. నవ్వాను. అదే ఆ రోజుకి ఆఖరి నవ్వు. సన్నాయి పాటకి డప్పు కలుపుతున్నాను. లాప్‌టాప్ అడుగున చెయ్యి పెడితే అట్లపెనంలా ఉంది. లోపల ఏదో బరబరమంది. తెర నల్లబడింది. నల్ల తెరలో నా మొహం కనిపించింది. అంత భయపడ్డ మొహాన్ని అప్పటిదాకా నేను బయటివాళ్లలోనే చూశాను.

చల్లారాక మళ్లీ వెలిగింది. మళ్లీ ఆగింది. ఒక పాట ఎంతసేపో అంతకన్నా కాస్త ఎక్కువ నిలుస్తోంది. ఊరేగింపు దానికన్నా చాలా పెద్దది. కొందామంటే ఇంకొకటి లేదు, రానని చెబుదామంటే మేనమామ గారికి మా ఇల్లు తెలుసు. తెల్లారేసరికి పెళ్లి రోజు, పైగా ఆదివారం. బాగుచేసే కొట్లన్నీ మూసి ఉన్నాయి. తిన్న ఇంటికి ఫోను చేసి సరుకు బాగోలేదని చెప్పడం ఎలాగో మాకెవరూ నేర్పలేదు. రెండుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను. మూడోసారి ఆయనే చేశారు.

"ఆగిపోయిందాండీ?" అన్నారు.

"ఆయ్."

"నిన్ననే చెబుదామనుకున్నానండి. మీరు అట్టు తింటున్నారు. తినే మనిషికి అలాంటి కబురు చెబితే మా అమ్మ ఊరుకోదండి. తిన్నాక చెబుదామంటే, మీరు అడగలేదు. అడక్కుండా చెబితే అమ్మడం ఇష్టం లేదనుకుంటారని..."

మధ్యాహ్నం ఆయన మోటారు సైకిలు మీద వచ్చారు. చిన్న మరలు విప్పే స్క్రూడ్రైవరు తెచ్చుకున్నారు. అడుగు రేకు విప్పితే లోపల కొబ్బరిపీచు. యంత్రం దగ్గర ఉండి ఉండి, పొడి పట్టి, ఫ్యాను చుట్టూ పిచ్చుక గూడులా అల్లుకుంది. మావయ్య వంగి చూసి, "చెప్పేనా," అన్నారు. పీచంతా లాగేశాక ఫ్యాను తిరిగింది కానీ, దాని రెక్క ఒకటి విరిగిపోయి ఉంది.

"ఇప్పుడెలాగండీ?" అన్నాను.

"బండి మీదకి నేనూ వత్తానండి," అని, సంచీలోంచి తాటాకు విసనకర్ర తీశారు.

సాయంత్రం కాలవగట్టు మీద బండి కదిలింది. గాలాడేలా లాప్‌టాప్ కింద రెండు కొబ్బరి చిప్పలు బోర్లించాం. పక్కన ఆయన కూర్చుని విసురుతున్నారు. కింద మేనమామ గారు, అంటే ఇప్పుడు పెళ్లికూతురి తండ్రి గారు, తెల్లపంచెలో ముందు నడుస్తున్నారు. సన్నాయికి డప్పు కలిసింది, చేతులు లేచాయి. నేను ఆ చేతుల్ని చూడలేదు. లాప్‌టాప్ అడుగు వేలితో ముట్టుకుని చూస్తున్నాను. వేడెక్కుతోంది.

"మీరెందుకు మానేసేరండీ?" అని ఆయన చెవిలో అరిచాను.

"ఇందుకేనండి," అని ఆయన నా వేలివైపు చూపించారు. "పడుకున్నా చెవిలో పాట ఆగిపోయేదండి."

విసరడం మాత్రం ఆపలేదు. వంతెన మలుపు దగ్గర లోపల బరబరమంది. ఆయన రెండు చేతులతో విసరసాగారు. సరిగ్గా అప్పుడే బండి పక్కనించి ఒక చెయ్యి పైకి లేచింది. చేతిలో కొట్టిన బొండం. దాని వెనక మేనమామ గారు.

"పుచ్చుకోండి బాబూ, పాపం చెమటలు పట్టేసేయి!"

పక్కాయన విసురుతూనే గొణిగారు: "వద్దనకండీ, బాగోదు."

నా కాలరు దానంతటదే మెడకి బిగుసుకున్నట్టనిపించింది.

"వద్దండీ," అన్నాను.

ఆయన మొహంలో నవ్వు పోయింది. బొండం మాత్రం దించలేదు. "మా బొండం తాగరా?"

"తాగితే పాట ఆగుద్దండి. క్రితంసారి అలాగే ఆగిందండి."

ఆయన బొండం వంక చూశారు, లాప్‌టాప్ వంక చూశారు, విసనకర్ర వంక చాలాసేపు చూశారు. ఎంత ఆలోచించారో, పాట ఒక చరణం అయిపోయింది. "అయితే దిగేక తాగుదురుగాని," అన్నారు. వెళ్లలేదు. బొండం చుక్క తొణక్కుండా రెండు చేతులతో పట్టుకుని, నా మీంచి కళ్లు తీయకుండా, విడిదిదాకా బండి పక్కనే నడిచారు. జనం ఆయన చుట్టూ గెంతారు. ఆయన గెంతలేదు. నేను పాట మీద పాట కలుపుతూనే ఉన్నాను.

పాట ఆగలేదు. విడిది ముందు నేనే ఆపాను. చేతులు అవే దిగాయి.

బండి దిగి ఆ బొండం తాగాను. నా పళ్లు దాని అంచుకి తగిలి టకటకమన్నాయి. పక్కన విసనకర్ర ఆయనకి చెయ్యి లేవడం లేదు. ఆయనకీ ఒకటి ఇచ్చారు.

"ఇంకోటి కొట్టించమంటారా బాబూ?" అన్నారు పెళ్లికూతురి తండ్రి గారు.

"ఆయ్," అన్నాను.