సగం సీసా ఫినాయిలు

కెమిస్ట్రీ చదివేవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. కనబడిన ప్రతి వస్తువుకూ ఫార్ములా చెప్పందే ముద్ద దిగదు. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివే రోజుల్లో నాకది బాగా ముదిరింది.

తొండూరు దగ్గర మా పల్లె. ఆవులు, ఎనుములు ఉండేవి కాబట్టి పెరట్లో గోబర్ గ్యాస్ తొట్టి కట్టించారు. అంతకు ముందు కంపకట్టెల పొగకు అమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండి నీళ్లు కారేవి. తొట్టి వచ్చాకే తేటపడ్డాయి. ఆ నీలిమంట మీథేన్ అని నేను గొప్పగా చెబితే, “ఏందో ఒగటి, పొగ లేదు గదమ్మీ, అది సాలు” అనేది.

ఆఖరి ఏడాది కాలేజీలో మాతో ఫినాయిలు చేయించారు. పెద్ద సీసా నిండా ఇంటికి తెచ్చి, “నేను చేసిందే, దీంతో గొడ్ల కొట్టం కడుగు” అన్నాను. కూతురు చేసిందని అమ్మ రెండు పూటలా కడిగింది. ఆ నీళ్లన్నీ కాలువ వెంట గ్యాస్ తొట్టిలోకే పోయేవి.

కొన్నాళ్లకు పొయ్యి వెలగడం మానేసింది. నాయన గొట్టానికి సబ్బునురగ పూసి చిల్లు కోసం వెతికాడు. యాడా లేదు. అమ్మ మళ్లీ కంపకట్టెలు ఎగదోసింది, కళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి. పేడను గ్యాసు చేసేది కంటికి కనబడని పురుగులని, వాటిని నా ఫినాయిలే చంపిందని నాకు తట్టనేలేదు. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, పక్కన కూర్చుని ఫార్ములాలు వల్లించాను.

“తోడు సచ్చిపోయినట్టుంది” అంది అమ్మ, పెరుగు గురించి మాట్లాడినట్టు. నాయనతో తొట్టి ఖాళీ చేయించి, కొత్త పేడ కలిపించింది. వేంపల్లెలో మామ వాళ్ల తొట్టి నుంచి రెండు బిందెల పేడనీళ్లు షేర్ ఆటోలో తెచ్చి తోడు వేసింది. ఆటోలో అందరూ ముక్కులు మూసుకున్నారట. ఇరవై రోజులకు నీలిమంట వచ్చింది.

ఇప్పుడు జమ్మలమడుగులో పాఠాలు చెబుతున్నాను. మొన్న క్లాసులో గోబర్ గ్యాస్ గురించి చెబుతూ చెబుతూ ఆగిపోయాను. ఆనాటి నా ఫినాయిలు అప్పుడు గుర్తొచ్చింది. బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పాను.

“నాకు ఆపొద్దే తెల్సులే” అంది.

“మరి చెప్పలేదేం? అన్ని రోజులు పొగలో...”

“శానా మురిసిపోయి తెచ్చినావు గదమ్మీ, ఎట్ల చెప్పేది? సగం సీసా అటక మింద ఇంగా అట్లనే ఉంది. పారబోయబుద్ధి కాలే.”