ఎక్కిళ్లు ఆగిన పేరు

దయ్యం, గాలి, ధూళి అంటే నాకు ఒళ్లు మండుతది. భయం కాదు, కోపం. మా సత్తెక్క గుండె దడదడ కొట్టుకుంటున్నదని మొత్తుకుంటే మా ఇంట్లోళ్లు గాలి సోకిందన్నరు. నిమ్మకాయలు తిప్పిన్రు, తాయెత్తు కట్టిన్రు, పహాడీ షరీఫ్ దర్గా గుట్ట ఎక్కించిన్రు. దవాఖానకు మాత్రం ఎవ్వరూ తోల్కపోలే. ఒకనాడు పొద్దుగాల చాయ్ తాగుకుంట పక్కకు ఒరిగింది. మాట పడిపోయింది. మూడో దినం పోయింది. గుండె లయ తప్పి, నెత్తురు గడ్డకట్టి, అది మెదడుకు పోయిందని తర్వాత తెలిసింది.

గప్పటి సంది నా ముంగట ఎవరన్న గాలి గీలి అన్నరంటే వాళ్ల ఏడు తరాలను తిడుత. గసొంటి నేను గిట్ల కూసొని ఇది చెప్పుకుంటున్న. నవ్వేటోళ్లు నవ్వున్రి.

మాది పాల్మాకుల. అమ్మ నా చిన్నప్పుడే పోతే సత్తెక్కనే నన్ను సాదింది. ఇప్పుడు నేను ఎయిర్‌పోర్టుల వీల్‌చైర్ తోస్త. నడవలేని పెద్దమనుషులను విమానం తలుపు దాకా తోల్కపోవుడు నా పని. చూసేటోళ్లకు అలకగ కనబడుతది గానీ, ర్యాంపు ఎక్కాలంటే మంచి దమ్ము ఉండాలె.

పోయిన ఎండకాలం ఒక పెద్దమ్మను తోసుకుంట పోతుంటే నా గుండె ఎగిరెగిరి కొట్టుకుంది. ఒక దెబ్బకు ఇంకో దెబ్బకు పొంతన లేదు. కండ్లకు చీకట్లొచ్చినయ్. పాపం ఆ పెద్దమ్మనే కుర్చీలకెళ్లి లేచి నన్ను కూసోబెట్టింది. నా తోటి డ్యూటీ చేసే పద్మ ఇప్పటికీ ఎక్కిరిస్తది, "తోసేదాన్ని ప్యాసింజరే తోసుకొచ్చింది" అని.

నాకు మాత్రం ఆ దినం నవ్వు రాలే. అక్క రోగమే నాకొచ్చిందని కూసున్న కాడనే తెలిసిపోయింది. మా ఆయన నర్సింలును ఎంబడి పెట్టుకొని తెల్లారే దవాఖానకు పోయిన.

డాక్టరమ్మ ఆంధ్ర దిక్కు మనిషి. ఎంత ఓపికనో! కాయిదం మీద బొమ్మ గీసి చెప్పింది. ఊపిరితిత్తుల నుంచి గుండెకు నాలుగు నెత్తురు నరాలు వస్తయట. వాటి మొదట్ల తప్పుడు కరెంటు పుట్టి గుండెను పరేషాన్ చేస్తున్నదట. తొడ కాడి నరంలకెళ్లి సన్న గొట్టం గుండెల దాకా పంపిస్తరట. దాని కొసకు చిన్న బెలూన్. ఆ బెలూన్‌ను నరం మూతికి ఆనించి, దాంట్ల మంచు లెక్క చలి నింపి, అక్కడి కండను గడ్డకట్టిస్తరట. ఆ సుట్టుముట్టు జాగ సచ్చిపోతే తప్పుడు కరెంటు దాటి రాదు. కోసుడు లేదు, కుట్లు లేవు. మనిషి బుర్ర ఎంత గొప్పదిరా బాబూ అనుకున్న. అక్కకు గిది అందలేదని ఆడనే ఏడుపొచ్చింది.

ఒక్కటే భయం అని డాక్టరమ్మ చెప్పింది. కుడిదిక్కు నరాల పక్కపొంటే ఊపిరి ఆడించే నరం పోతదట. చలి దానికి తగిలితే దమ్ము తగ్గుతది. కొందరికి నెలల తరబడి తగ్గుతది. అంటే నా కుర్చీ తోసుడు బందే. నాకు తెలిసిన పని అదొక్కటే.

అందుకు వాళ్ల కాడ ఒక ఉపాయం ఉంది. ఆ నరానికి కావాలనే జర కరెంటిచ్చి ఎక్కిళ్లు తెప్పిస్తరు. నర్సు కడుపు మీద చెయ్యి పెట్టి చూస్తుంటది. ఎక్కిళ్లు వస్తున్నంతసేపు నరం మంచిగున్నట్టు. ఆగినయంటే ఎక్కడి పని అక్కడ ఆపేస్తరు.

నేను ఉన్న తాన ఉండక చెప్పిన. మా తాన ఎక్కిళ్లొస్తే ఎవరో తలుచుకుంటున్నరంటరు, ఒక్కొక్కరి పేరు చెప్పుకుంట పోతే తలుచుకున్నోళ్ల పేరు కాడ ఆగుతయంటరు మేడం అని. ఆమె పక్కున నవ్వింది.

"అయితే లోపల మాత్రం ఎవరి పేర్లూ చెప్పకండి అమ్మా!"

ఇంకో మాట ఆమెకు చెప్పలే. ఎక్కిళ్లప్పుడు బతికున్నోళ్ల పేర్లే చెప్తరు. పోయినోళ్ల పేరు తియ్యరు. మా ఇంట్ల చిన్నప్పుడు ఎవరన్న తీస్తే నోటి మీద ఒకటి పడేది.

పొద్దుగాల తొమ్మిదింటికి లోపలికి తీస్కపోయిన్రు. ఆడ సునీత అని నర్సు ఉంది. కందుకూరు పిల్ల. కండ్లు మూసుకొని ఒక్క నిమిషం ప్రార్థన చేసుకొని, నా కడుపు మీద చెయ్యి పెట్టి చూసింది. "భయపడకు అక్కా, నా చెయ్యి తియ్య" అన్నది. సూది ఇచ్చినంక నిద్ర కాదు, మెలకువ కాదు, ఎట్లనో అయింది. మాటలు ఎక్కడో దూరంకెళ్లి వినబడుతున్నయ్.

ఎక్కిళ్లు వచ్చుడు ఎరికైంది. పెద్ద పెద్దగ, ఒకదాని ఎనుక ఒకటి. అలవాటైన నోరు కదా, ఊకుంటదా? పేర్లు చెప్పుడు షురూ చేసిన. కలల చెప్పుకుంటున్న అనుకున్న. చివరికి ఎవరి పేరు చెప్పిన్నో నాకు యాదికుంది. ఆ తర్వాత సంగతి నాకు తెల్వది.

మరునాడు సునీత బీపీ చూడనీకి వచ్చింది. చూసి, పట్టీ తీసి చేతిల పట్టుకొని నిలబడ్డది.

"అక్కా, సత్తెక్క ఎవరు?"

ఆ పేరు నీకెట్ల తెలుసని అడిగిన. నిన్న నువ్వు పైకే చెప్పినవ్ అన్నది. నర్సింలు, మా కొడుకు వినయ్, పద్మ, అందరి పేర్లు వరుసగ అన్ననట. ఒక్కో పేరుకు ఎక్కిళ్లు ఇంకా గట్టిగ తన్నినయట. చివరికి సత్తెక్క అన్ననట. ఆమె చెయ్యి కింద కడుపు కదలలే. "ఆగినయ్ మేడం" అని ఒర్లిందట. డాక్టరమ్మ రెప్పపాటుల చలి ఆపి, బెలూన్ గాలి తీసేసిందట.

రౌండ్‌కు వచ్చినప్పుడు డాక్టరమ్మను అడిగిన. దాచకుండ చెప్పింది.

"నరానికి చలి తగులుతుంటే ఎక్కిళ్లు మెల్లమెల్లగా తగ్గుతాయి. మీకు ఒక్కసారిగా ఆగాయి. అప్పటికి చలి అంత లోతుకు దిగనే లేదు. ఎక్కిళ్లు తెప్పించే తీగ జరిగిందేమోనని చూశాం. జరగలేదు."

ఆపినంక రంగు మందు పంపి ఫోటో తీస్తే, బెలూన్ జారి నెత్తురు నరం లోపలికి పోయి ఉందట. అది పక్కనున్న ఊపిరి నరానికి మరీ దగ్గర. ఇంకో నిమిషం అట్లనే గడ్డకట్టిచ్చి ఉంటే దెబ్బ తగిలేదే అన్నది. వాళ్లు చూస్తుండంగనే ఎక్కిళ్లు మళ్ల వాటంతట అవే వచ్చినయట. బెలూన్‌ను బయటికి గుంజి, సరిగ ఆనించి, మళ్ల పని చేసిన్రు. ఈసారి మూడు నిమిషాలు ఎక్కిళ్లు ఒక్కటి కూడ తప్పలే.

"మరి ఎందుకు ఆగినయ్ మేడం?"

"నాకు తెలియదమ్మా" అన్నది. అంత చదువుకున్న మనిషి తెలియదని ఒప్పుకున్నందుకు ఆమె మీద నాకు ఇంకింత గౌరవం పెరిగింది. సునీత చేతిని కండ్లకద్దుకున్న. నిజం చెప్పాలంటే నా దమ్మును కాపాడింది ఆ చెయ్యి, ఆ డాక్టరమ్మ తెలివి. దాంట్ల నాకు అనుమానం లేదు.

రెండు నెలలకు డ్యూటీల చేరిన. ర్యాంపు ఒక్క దమ్ముల ఎక్కుత. పద్మ ఎనుకకెళ్లి "జర మెల్లగ పోవే తల్లీ" అంటది.

మా వదినలు మాత్రం అక్కే వచ్చి కాపాడిందని ఊరంత చెప్పిన్రు. నేను కొట్లాడిన. అక్క గిట్ల వస్తదా? ఆమెను ఎత్తుకొనన్న దవాఖానకు తోల్కపోవాల్సిన దాన్ని, డ్యూటీ డ్యూటీ అనుకుంట తిరిగిన. నా మీద కోపముండాలె ఆమెకు. నన్నెందుకు తలుచుకుంటది?

మత్తుల ఏదో అన్న, అదే టైముకు అవి ఆగినయ్. అంతే అనుకుంటున్న. కానీ అంతే అని గట్టిగ చెప్పరాదు.

ఇప్పుడు కూడ అప్పుడప్పుడు ఎక్కిళ్లొస్తయ్. అందరి పేర్లు చెప్త, ఆగకుంటే నీళ్లు తాగుత. అక్క పేరు మాత్రం తియ్య. తీస్తే ఆగకపోతే?