మేజర్ అంకుల్ టీవీ మోత

క్రెయిగీబర్న్‌లో మా వీధి చివర ఉండే మేజర్ అంకుల్ ఈ నెల మొదట్లో పోయారు. కబురు ఫోన్‌లో చూసి నమ్మలేదు. అసలు ఆయన విషయంలో నేను దేన్నీ ఒక్కసారికి నమ్మింది లేదు.

భారత సైన్యంలో పనిచేసి, కూతురి దగ్గరికని ఈ పరాయి దేశం వచ్చి ఉండిపోయిన గుంటూరు మనిషి. టీవీలో ఒక పాత బ్రిటిష్ కామెడీ సీరియల్ విడవకుండా చూసేవారు. అందులో రిటైరైన సైనికాధికారి ఒకడు ఇంట్లోవాళ్లకూ, పాలవాడికీ, చివరికి పెరట్లో మొక్కలకూ హుకుం జారీ చేస్తుంటాడు, ఒక్కరూ వినరు. మన నెత్తికెక్కి కూర్చున్న దొరల వేషాలకు ఈయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వడమేమిటని నాకు ఒళ్లు మండేది.

అలాంటి మనిషి మా మీటింగులకు తన గ్యారేజీ ఇస్తానన్నారు. మేం ఒక గోదాములో సరుకు సర్దే కుర్రాళ్లం. పని నడుస్తుండగా అక్కడ వెనక తలుపుకు తాళం వేసేవారు; నిప్పంటుకుంటే బయటపడే దారి లేదు. తాళం తీయమని అందరం కలిసి అడగాలని మా ఆలోచన. ముందే పొక్కిందా, మాకిక షిఫ్టులుండవు. మా సూపర్‌వైజరేమో ఆదివారాలు అంకుల్ ఇంట్లో కాఫీ తాగే తెలుగాయనే. మరి అనుమానం రాదా? అధికారి ఎప్పుడూ అధికారి వైపేనని నేను చదివిన ప్రతి కరపత్రమూ చెప్పింది.

“రావోయ్ విప్లవం! చెప్పులు వరసలో పెట్టు,” అనేవారు. “లేకపోతే మీ తిరుగుబాటు గుమ్మంలోనే తట్టుకుని పడుద్ది.”

మేం మొదలుపెట్టగానే లోపల టీవీ మోత పెంచేవారు. గోడలు అదిరేవి. వెటకారమనుకున్నాను. ఓ శనివారం ఉండబట్టలేక లోపలికి వెళ్లాను.

“అంకుల్, మా మీటింగంటే మీకంత జోక్‌గా ఉందా?”

“జోకు టీవీలో ఉందిరా. మీ మాట ఒక్కటీ నా చెవిన పడకూడదు, అంతే.”

“ఏం?”

“రేపు మీ సూపర్‌వైజరు వచ్చి అడుగుతాడు. నేను అబద్ధం ఆడను. విననిది చెప్పలేను కదా?”

అదీ నమ్మలేదు. మర్నాడు వంటింటి కిటికీ పక్క సందులో నిలబడి విన్నాను.

“అంకుల్, ప్రతి సాటర్‌డే మావాళ్లు మీ గ్యారేజీలో ఏం డిస్కస్ చేస్తున్నారు?”

“ఏమోనయ్యా. నిన్న ఆ ముసలి సోల్జరు బాతులకి కవాతు నేర్పాడు. అది మాత్రం పూర్తిగా విన్నా. చెప్పనా?”

చెప్పారు కూడా, మొదటినుంచి చివరిదాకా. సూపర్‌వైజరు కాఫీ తాగలేక తాగి వెళ్లిపోయాడు.

తర్వాత మేమంతా ఒక్కసారే వెళ్లి అడిగాం. ఇప్పుడా తలుపు తీసే ఉంటోంది. మాకెందుకు సాయం చేశారని అడిగితే, “గ్యారేజీ ఖాళీగా ఉందిగా,” అన్నారు. ఈ మాటా నేను నమ్మను. బతుకంతా హుకుములిచ్చిన మనిషికి, హుకుం ఎవరూ విననప్పుడల్లా అంత హాయైన నవ్వు ఎక్కడినుంచి వచ్చేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

గోదాములో అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. మొన్న శనివారం అంకుల్ వాళ్లమ్మాయి గ్యారేజీ తలుపెత్తి, “కూర్చోండి, నాన్న ఉన్నా రమ్మనేవారే,” అంది. లోపల ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మొదట మాట్లాడినవాడు తన గొంతుకు తానే ఉలిక్కిపడి ఆగిపోయాడు. ఎవరూ చెప్పకుండానే అందరం కుర్చీలు దగ్గరికి జరుపుకుని, తలలు వంచి, గుసగుసగా మాట్లాడుకోవడం మొదలుపెట్టాం.