అంతరిక్షంలో కాపలావాడు, మా ఇంట్లో లైన్‌మన్

మా ఆయనకు టీవీలో పాత సైన్స్ ఫిక్షన్ సీరియళ్ల పిచ్చి. ఎప్పుడో తెలుగులోకి డబ్బింగ్ చేసినవి. అట్టముక్కలతో చేసినట్టుండే ఓడలు, ఊరికే మిణుకుమిణుకుమనే బల్బులు, ఒంటికి అతుక్కుపోయిన చొక్కాలు. "ఆ ఓడ ఎటు పోతాందో దాంట్ల ఉన్నోళ్లకే తెల్వదు, నీకేం సంబురమయ్యా" అని తిట్టేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు. ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్. పొద్దంతా స్తంభాల కిందా మీదా తిరిగొచ్చిన మనిషికి, ఇంకా పైకి పోయేవాళ్లను చూస్తే ఏం సుఖమో నాకు అంతుపట్టేది కాదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మాత్రం చీరకు ఫాల్ కుట్టుకుంటూ నేనూ పక్కన కూర్చున్నాను. వినీ విననట్టు ఉందామనుకున్నాను గానీ కథ పట్టేసింది. పెద్ద ఓడ, దాన్నిండా జనం. అందరూ గాజుపెట్టెల్లో నిద్రలో ఉంటారు, చేరాల్సిన లోకం అంత దూరం మరి. మెలకువగా ఉండేది ఇద్దరే, ఓడ కాపలావాడు, అతని భార్య. ఒకనాడు గాలి తిప్పే యంత్రం చెడిపోతుంది. అతను ఆ గదిలో తలుపు బిగించుకొని, పిడి పట్టుకొని నిలబడాలి. వదిలితే పెట్టెల్లో వాళ్లందరికీ ఊపిరాగిపోతుంది. అదే సమయంలో బయట భార్యకు ప్రాణం మీదికొస్తుంది. తలుపు బాదుతుంది, పేరు పెట్టి పిలుస్తుంది. అతను ఏడుస్తాడు గానీ తలుపు తీయడు.

యంత్రం బాగయ్యాక తీస్తాడు. ఆమె బతికే ఉంటుంది. కోలుకున్నాక అతని ఎదురుగా నిలబడి అడుగుతుంది, "ఆ పెట్టెల్లో నిద్రపోయేవాళ్లలో నేనూ ఒకదాన్నయి ఉంటే, నన్నూ కాపాడేవాడివి కదా?" ఆమె వెళ్లి ఒక ఖాళీ గాజుపెట్టెలో పడుకొని మూత వేసుకుంటుంది. అంత పెద్ద ఓడలో అతనొక్కడే మిగిలిపోతాడు.

నా చేతిలో సూది ఆగిపోయింది. ఆయన వైపు చూశాను. ఆయన టీవీ వైపే చూస్తున్నాడు.

మాకూ అట్లాంటి రోజొకటి ఉంది. అప్పుడు నాకు నెలలు నిండలేదు. గాలివానకు చెట్లు కూలి మరిపెడ రోడ్డు దిక్కు లైన్ తెగితే, ఆయన బాగు చేయించడానికి పోయాడు. లైన్ మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి కరెంటు ఆపించుకోవాలి. ఎల్‌సీ తీసుకోవడమంటారు. ఎవరు తీసుకుంటే వాళ్లే తిరిగి ఇవ్వాలి. మనుషులంతా స్తంభాలు దిగారని తన కళ్లతో చూసుకొని, తన నోటితో చెప్పాలి. మధ్యలో ఇంకొకరికి అప్పజెప్పి రావడం కుదరదు. ఆ రోజు ఎల్‌సీ తీసుకున్నది మా ఆయన. ఇక్కడ కరీమాబాద్‌లో, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్న నాకు రక్తం పోవడం మొదలైంది. ఫోన్ చేశాను.

"మనోళ్లు స్తంభాల మీదున్నరే," అన్నాడు. "నేనొస్తే ఎట్ల? పక్కింటి అక్కను తీస్కొని ఆటోల దవాఖానకు పో. వాళ్లు దిగంగనే వస్త."

"నేను సచ్చినంక రా!" అని ఫోన్ విసిరేశాను.

పక్కింటి అక్క తీసుకుపోయింది. ఆడపిల్ల. ఏడవలేదు. ఇంకాస్త ముందొస్తే బతికేదా అని అడిగితే, "చెప్పలేమమ్మా" అంది డాక్టరమ్మ. బతకదు అని ఒక్క మాట అన్నా బాగుండేది. ఆ చెప్పలేమనే మాట మా మధ్యన పడి ఏండ్లకేండ్లు లేవలేదు.

సాయంత్రానికి ఆయన బురద బట్టలతోనే వచ్చాడు. మా మామ, ఆయన కలిసి బిడ్డను గుడ్డలో చుట్టి తీసుకుపోయి పూడ్చి వచ్చారు. ఎక్కడో నాకు చెప్పలేదు. తల్లికి జాగా చెప్పొద్దట. "చెప్తే పాణమంత ఆడనే తిరుగుతది బిడ్డా, మళ్ల కడుపు పండది" అని మా అత్త నా తల నిమిరింది. చెప్పకపోయినా పండలేదు. అత్త కూడా పోయింది. ఇంకేం అడ్డమని ఆయన్ను అడిగాను. "వద్దే," అన్నాడు. అడిగిన ప్రతిసారీ అదే మాట. డ్యూటీ వదిలి రాలేదన్న కోపం కాలంతో కొంచెం అరిగింది. ఆ స్తంభాల మీదున్నవాళ్లకూ పెళ్లాం పిల్లలున్నారు, నిజమే. జాగా చెప్పలేదన్న కోపం మాత్రం అట్లాగే ఉంది. నేను మోసిన బిడ్డ ఎక్కడుందో నాకు తెలియకపోవడమేంది?

సీరియల్ అయిపోయింది. "ఇన్నవా, ఆమె ఏమన్నదో?" అన్నాను.

"ఇన్న."

"నేనైతే పెట్టెల పండలే. ఇన్నేండ్ల సంది నీ ఎదురుంగనే మెల్కతోని ఉన్న. ఇయ్యాల జాగా చెప్తవా, నన్ను మా అమ్మగారింటికి పొమ్మంటవా?"

బెదిరింపు కాదది. నిజంగానే అన్నాను. ఆయనకూ తెలిసింది. టీవీ బంద్ చేశాడు. తర్వాత లేచి బండి తాళం తీసుకున్నాడు. "పా," అన్నాడు.

మరిపెడ రోడ్డు పొడుగునా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకు కళ్లు మండుతున్నాయి, అందుకేనేమో ఆయన వెనక్కి తిరక్కుండా మాట్లాడగలిగాడు. "హన్మకొండకు ట్రాన్స్‌ఫర్ ఇస్తమంటే నేనెందుకు వద్దన్ననో ఎర్కనా నీకు?"

నాకెందుకు ఎరుక ఉంటుంది? ఆ లైనే నీకు రెండో పెళ్లామని అప్పుడు నోటికొచ్చినట్టు తిట్టాను.

"ఈ లైన్ నా చేతులుంటే, వచ్చినప్పుడల్లా దాని దగ్గర జరసేపు నిలవడొచ్చని."

ఇన్నాళ్లూ పిల్ల దగ్గరికి ఒక్కడే పోయి వస్తున్నాడన్నమాట. ఎంత కడుపు మండిందో, అంత జాలేసింది. వెనక నుంచి ఆయన చొక్కా గట్టిగా పట్టుకున్నాను.

రోడ్డు పక్కన బండి ఆపాడు. ఒకప్పటి బీడు ఇప్పుడు ప్లాట్లయింది. ఎర్రమన్ను చదును చేసి, వరసగా తెల్ల రాళ్లు పాతారు. ఆయన కొంత దూరం నడిచి ఆగాడు. వెనక్కొచ్చాడు. మళ్లీ ఇంకో దిక్కు నడిచి పైకి చూశాడు. పైన ఏమీ లేదు. తీగలు అవతల, కొత్త రోడ్డు వెంబడి పోతున్నాయి.

"స్తంభం పక్కన పెట్టిన," అన్నాడు. "గుర్తుంటదని."

"ఏ స్తంభం?"

"రోడ్డు పెద్దగ జేసినప్పుడు లైన్ జరిపిండ్లు."

"ఎవలు జరిపిండ్లు?"

తల ఎత్తలేదు. "నేనే. ఆర్డర్ వచ్చింది. ఇంకొకలైతే గుంత లోతుకు తవ్వుతరని నేనే ఎల్‌సీ తీస్కొని, దగ్గరుండి స్తంభం మెల్లగ తీయించిన. ఆడ ఒక రాయన్న పాతుదామనుకున్న. ఇంతల ఫోనొచ్చింది, ఎక్కడ్నో తీగ తెగి రోడ్డు మీద పడ్డదని. ఉరికిన. మళ్లొచ్చేసరికి డోజర్ తోలిండ్లు. అమ్మ పోయినంక నువ్వు అడిగినవు సూడు, అప్పటికే జాగా లేదు. ఏ మొఖం పెట్టుకోని చెప్పాలె నీకు?"

కొట్టాను. రొమ్ము మీద, భుజాల మీద, రెండు చేతులతో కొట్టాను. రోడ్డు మీద పోయేవాళ్లు బండ్లు మెల్లగా చేసి చూశారు. ఆయన కదలకుండా నిలబడ్డాడు. నా చేతులు అలిసిపోయాక ఆ మట్టిలో మోకాళ్ల మీద కూలబడి, "ఈడనే ఉంటదే, ఈ నాలుగు రాళ్ల నడుమనే ఉంటది" అని చిన్నపిల్లాడి లెక్క ఏడ్చాడు.

అప్పుడే ఫోన్ మోగింది. ఆయన చూడలేదు. ఆగి మళ్లీ మోగింది. నేనే ఆయన జేబులోంచి తీసి ఎత్తాను. సబ్‌స్టేషన్ నుంచి. దవాఖాన ఉన్న లైన్ పోయిందట, తొందరగా రమ్మంటున్నారు.

"పోను," అన్నాడు. పెళ్లయిన ఇన్నేండ్లలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. ఎంత ఎదురుచూశానో ఆ మాట కోసం! ఇప్పుడు వచ్చింది, ఏం చేసుకోవాలి?

"పో," అన్నాను. "ఆడ ఎవరి బిడ్డ ఉన్నదో. నేను దీని దగ్గర ఉంట."

ఆయన నా ముఖంలోకి చూశాడు. కళ్లు తుడుచుకొని బండి తీశాడు. మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే పోయాడు.

నేను ఆ రాళ్ల మధ్య నిలబడ్డాను. కాళ్లు లాగుతున్నాయి, ఎండ మాడుస్తోంది, కూర్చుందామనుకున్నాను. ఎక్కడ కూర్చుంటే పిల్ల మీద కూర్చున్నట్టవుతుందోనని భయమేసి, ఆయన తిరిగి వచ్చేదాకా నిలబడే ఉన్నాను.