తప్పు గొట్టానిది

గోడ బాగుచేయమని ఎవరు పిలిచినా మేస్త్రి ముందు తాపీ తీయడు. అరచెయ్యి తిరగేసి గోడకు ఆనించి, పిల్లాడికి జ్వరం చూసే తల్లిలా కాసేపు కళ్లు మూసుకుంటాడు. ఆ పాతింటి కోడలు పిలిచినప్పుడూ అంతే చేశాడు. ఆమె చూపించింది పడకగది గోడలోకి కట్టిన అల్మారా. తలుపు తీస్తే గుప్పుమని ముక్కవాసన, చీరల మడతల మీద నల్లటి మచ్చలు, ముట్టుకుంటే జిల్లుమనే గోడ. కోడలు తలదించుకుని, "నేను బట్టలు సరిగ్గా ఆరబెట్టనండీ. పాతికేళ్లుగా మా అత్తగారు అదే అంటున్నారు" అంది. మేస్త్రి సామానంతా దింపించి, వెనక చెక్క ఊడదీసి, పెరట్లోకి వెళ్లి చూశాడు. మేడ మీది వాననీటి గొట్టం సరిగ్గా ఆ గోడలోనే పగిలి, ఏళ్ల తరబడి ఇటుకలను నానబెడుతోంది. గొట్టం మార్చాడు. నానిన సున్నం గీకి, గోడ ఆరేదాకా మూడు వారాలు ఆగాడు. కొత్త చెక్కను గోడకు రెండు వేళ్ల ఎడంగా నిలబెట్టి, పైనా కిందా గాలికి రంధ్రాలు పెట్టాడు.

పని ముగిసిన రోజు, ఎప్పుడూ గొణిగినట్టు మాట్లాడే ఆ మనిషి ఇల్లంతా వినబడేలా గొంతెత్తాడు. "తప్పు గొట్టానిదమ్మా! మీ చేతిది కాదు!" అత్తగారు నెమ్మదిగా వచ్చి, అల్మారాలో చెయ్యి పెట్టి చూసింది. "ఇన్నేళ్లూ ఊరికే ఆడిపోసుకున్నానే నిన్ను" అంది. కోడలు కళ్లు తుడుచుకుంటూ మేస్త్రికి చేతులు జోడించబోయింది. ఆయన అప్పటికే, తాపీ కడుక్కోవాలంటూ పెరట్లోకి తప్పుకున్నాడు.